ఆటకు మౌత్‌గార్డ్, నిద్రకు నైట్ గార్డ్: ఎలా ఎంచుకోవాలి, ఎలా అమర్చుకోవాలి

“మావాడు కబడ్డీ ఆడతాడు, రాత్రిపూట పళ్ళు కూడా కొరుకుతాడు. ఒక మౌత్‌గార్డ్ కొంటే రెండింటికీ సరిపోతుందా?” వేసవి శిక్షణ శిబిరాలు మొదలయ్యాయంటే చాలు, విజయవాడలోనూ గుంటూరులోనూ తల్లిదండ్రులు ఇదే అడుగుతారు.

సరిపోదు. ఆటలో పెట్టుకునేది మెత్తగా, మందంగా ఉండాలి. మోచెయ్యో బంతో వచ్చి తగిలినప్పుడు ఆ దెబ్బ పంటికి చేరేలోపు దాన్ని తాను తీసుకోవడమే దాని పని. నిద్రలో పెట్టుకునేది గంటల తరబడి సాగే రాపిడిని తట్టుకోవాలి. అందుకే దాన్ని ఎక్కువగా గట్టి అక్రిలిక్‌తో చేస్తారు. గట్టిదాన్ని పెట్టుకుని కబడ్డీకి దిగితే దెబ్బకు అది పగిలి ముక్కలు నోట్లో పడతాయి. ఆటకు వాడే మెత్తటిదాన్ని పెట్టుకుని పడుకుంటే కొందరు దాన్ని రాత్రంతా నములుతూనే ఉంటారు, తెల్లారేసరికి దవడ నొప్పి ఇంకా ఎక్కువవుతుంది.

ఆట గార్డ్‌ను ఇంట్లో జాగ్రత్తగా అమర్చుకోవచ్చు. నైట్ గార్డ్‌ను మాత్రం పళ్ళ డాక్టరు దగ్గరే చేయించుకోవాలి. ముందు ఆట గార్డ్ సంగతి చూద్దాం.

మొదలుపెట్టే ముందు

స్పోర్ట్స్ షాపుల్లో దొరికేవి రెండు రకాలు. ప్యాకెట్లోంచి తీసి అలాగే నోట్లో పెట్టుకునేది ఒకటి. అది ఎవరి పళ్ళకూ సరిగ్గా కూర్చోదు, జారిపోకుండా పళ్ళు బిగించి పట్టుకోవాల్సి వస్తుంది, ఊపిరికీ మాటకీ అడ్డం. దాన్ని కొనకండి. రెండోది వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక పళ్ళ మీద పెట్టి కొరికే రకం, ‘బాయిల్ అండ్ బైట్’ అంటారు. ఇంట్లో అమర్చుకోవడానికి ఇదే.

ఈ కింది వాళ్ళు ఇంట్లో ప్రయత్నించొద్దు: పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవాళ్ళు (మెత్తబడ్డ గార్డ్ క్లిప్పుల్లోకి దిగి గట్టిపడితే ఊడిరాదు, క్లిప్పుల కోసమే చేసిన సిలికాన్ గార్డ్‌లు వేరే ఉన్నాయి), కదిలే పన్ను ఉన్నవాళ్ళు, చిగుళ్ళు వాచి రక్తం కారేవాళ్ళు, పిప్పి పన్నుకు వైద్యం సగంలో ఉన్నవాళ్ళు. కింది దవడ ముందుకు వచ్చి, కింది పళ్ళు పై పళ్ళకన్నా ముందుండే వాళ్ళకు గార్డ్ కింది పళ్ళకు కావాల్సి రావచ్చు. అది డాక్టరు చూసి చెప్పాలి. మిగతా అందరికీ గార్డ్ పై పళ్ళకే. దెబ్బ తగిలితే ముందు పోయేవి అవే.

కావలసినవి:

- సరైన సైజు గార్డ్. పిల్లలకు, పెద్దలకు సైజులు వేరు. ప్యాకెట్ మీద వయసు ఉంటుంది, చూసి కొనండి.
- 3 అంగుళాల లోతు నీళ్ళు పట్టే వెడల్పు గిన్నె
- చిల్లుల గరిటె
- ఐస్ ముక్కలు వేసిన చన్నీళ్ళు ఒక గిన్నెలో
- అద్దం, చిన్న పదునైన కత్తెర, శుభ్రమైన తువ్వాలు
- సెకన్లు చూసుకోవడానికి ఫోను

రంగు విషయంలో ఒక మాట. బాక్సింగ్ పోటీల్లో ఎర్ర గార్డ్‌ను ఒప్పుకోరు, నోట్లో రక్తం కారుతున్నా కనబడదని. తైక్వాండోలో తెల్లదో, పారదర్శకంగా ఉండేదో కావాలి. పోటీలకు వెళ్ళే పిల్లలుంటే కొనేముందే కోచ్‌ను అడగండి.

ఈ పని మ్యాచ్ రోజు పొద్దున పెట్టుకోవద్దు. కనీసం రెండు రోజులు ముందు చేసి, ప్రాక్టీసులో వాడి చూడండి.

అమర్చుకునే పద్ధతి

1. పళ్ళు తోముకోండి. తీసి పెట్టుకునే కట్టుడు పన్ను ఉంటే తీసేయండి.

2. గార్డ్‌ను వేడి చేయకుండానే ఒకసారి నోట్లో పెట్టి అద్దంలో చూసుకోండి. రెండు చివర్లూ వెనక దవడ పళ్ళ దాకా వెళ్ళాలి. మరీ వెనక్కి పోయి డోకు వస్తుంటే రెండు వైపులా సమానంగా 2, 3 మిల్లీమీటర్ల చొప్పున కత్తిరించి మళ్ళీ పెట్టి చూడండి. కత్తిరించిన మూలలు గుండ్రంగా ఉండాలి. ఒకేసారి పెద్ద ముక్క కోసేస్తే మళ్ళీ అతికించలేరు.

3. నీళ్ళు బాగా తెర్లనిచ్చి స్టవ్ ఆపేయండి. అర నిమిషం ఆగండి. తెర్లుతున్న నీళ్ళలో గార్డ్ వేస్తే అది గిన్నె అడుగుకు అంటుకుని ఆకారం పోతుంది. మైక్రోవేవ్‌లో అసలు పెట్టొద్దు.

4. గార్డ్‌ను చిల్లుల గరిటె మీద పెట్టి పూర్తిగా మునిగేలా దింపండి. ఎంతసేపు అన్నది ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చాలావాటికి 30 నుంచి 60 సెకన్లు. ఒక కంపెనీ లెక్క ఇంకో కంపెనీకి పనికిరాదు, ఇక్కడ రాసినదానికన్నా మీ ప్యాకెట్ మీద ఉన్నదే పాటించండి. గరిటె మీద గార్డ్ మెత్తబడి కొద్దిగా వాలినా గుర్రపు లాడం ఆకారం నిలిచి ఉంటే సరిపోయింది. రెండు చివర్లూ దగ్గరికొచ్చి అంటుకుంటున్నాయంటే ఎక్కువసేపు ఉంచారన్నమాట.

5. గరిటెతోనే తీసి నీళ్ళు దులపండి. ఒక్క సెకను చన్నీళ్ళలో ముంచి తీయండి. పిల్లలకు పెట్టేముందు మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి. అక్కడ చురుక్కుమంటే చిగుళ్ళకూ చురుక్కుమంటుంది. ఇంకో రెండు సెకన్లు ఆగండి, అంతకుమించి ఆలస్యమైతే గట్టిపడిపోతుంది.

6. అద్దం ముందు నిలబడి, గార్డ్ మధ్యభాగం ముందు రెండు పళ్ళ మధ్య గీతకు సరిగ్గా వచ్చేలా పెట్టండి. రెండు బొటనవేళ్ళతో వెనక దవడ పళ్ళ దగ్గర పైకి నొక్కండి.

7. ఇప్పుడు నెమ్మదిగా కొరకండి. కింది పళ్ళు గార్డ్‌లో కొద్దిగా దిగి, చిన్న గుంటలు పడితే చాలు. నోరు మూసి, జ్యూస్ స్ట్రాతో పీల్చినట్టు గాలి, నీరు గట్టిగా లోపలికి పీల్చండి. నాలుకతో లోపలివైపు అంగిలికి, పళ్ళకు ఒత్తి పెట్టండి. అదే సమయంలో బయటినుంచి పెదవుల మీద, బుగ్గల మీద వేళ్ళతో నొక్కుతూ వెనకనుంచి ముందుకు రండి. ఇదంతా 20 నుంచి 30 సెకన్లు.

8. తీసి ఒకటి రెండు నిమిషాలు చన్నీళ్ళలో ఉంచండి.

ఎక్కువమంది పాడుచేసుకునేది ఏడో మెట్టులో. ‘కొరకాలి’ అన్నారు కదా అని మామిడికాయ ముక్క కొరికినట్టు కొరికేస్తారు. పళ్ళు గార్డ్‌లోంచి దాదాపు అటువైపుకి దిగిపోతాయి. బయటికి చూస్తే గార్డ్ బాగానే కూర్చుంటుంది, బిగుతుగా కూడా ఉంటుంది, కానీ పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య మిగిలేది కాగితమంత పొర. గడ్డం కింద దెబ్బ తగిలిందంటే పళ్ళు రెండూ ఢీకొంటాయి. మందం పోయాక గార్డ్ ఉన్నా లేనట్టే.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

గార్డ్‌ను ట్యూబ్‌లైట్ వైపు పట్టుకుని లోపలికి చూడండి. ప్రతి పన్ను అచ్చూ విడివిడిగా, అంచులతో సహా కనబడాలి. ముందు రెండు పళ్ళ మధ్య పై పెదవిని చిగురుకు కలిపే సన్నటి పొర దగ్గర గార్డ్ అంచు కాస్త పల్లంగా ఉండాలి. లేకపోతే ఆ పొర ఒరుసుకుంటుంది. తర్వాత కొరికే వైపు చూడండి. ఎక్కడైనా గుంట అడుగున వెలుతురు మిగతా చోట్లకన్నా బాగా ఎక్కువగా వస్తుంటే అక్కడ పలచబడింది. ముందు పళ్ళ మీద దాదాపు 3 మిల్లీమీటర్ల మందం మిగలాలి, అంటే రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత.

ఇక నోట్లో పెట్టి చూడండి:

- నోరు పూర్తిగా తెరవండి. గార్డ్ దానంతటదే నిలబడాలి. కిందికి జారితే మళ్ళీ అచ్చు వేయాలి.
- రెండు గుక్కల మంచినీళ్ళు తాగండి. తాగగలగాలి.
- అయిదు నిమిషాలు పరుగెత్తండి. ఊపిరికి అడ్డం అనిపించకూడదు.
- కబడ్డీ ఆడేవాళ్ళు కూత పెట్టి చూడాలి. కూత ఆపకుండా, అవతలివాళ్ళకు స్పష్టంగా వినబడాలి. లేకపోతే రైడ్‌లో అంపైర్ అభ్యంతరం చెబుతాడు, ఆ విసుగుతో పిల్లవాడు గార్డే తీసి పక్కన పడేస్తాడు. కూత ముద్దగా వస్తుంటే నాలుక తగిలే లోపలివైపు అంచును కొద్దిగా కత్తిరించండి, బయటివైపు ముట్టుకోవద్దు.
- మర్నాడు భోజనంలో ఆవకాయ తగిలి చిగురు మీద ఒకేచోట భగ్గుమంటే, అక్కడ అంచు ఒరుసుకుంటోందని అర్థం. అద్దంలో ఆ చోటు చూసి, గార్డ్ అంచును అక్కడ మాత్రం ఒక మిల్లీమీటరు తగ్గించి నున్నగా చేయండి.

సరిగ్గా రాకపోతే మళ్ళీ వేడి చేసి అచ్చు వేయొచ్చు. కానీ వేసిన ప్రతిసారీ పలచబడుతుంది. రెండుసార్లు చేసినా కుదరకపోతే ఇంకోటి కొనండి.

సౌకర్యం కోసం కొందరు వెనకభాగమంతా కోసేసి ముందు ఆరు పళ్ళకే ఉంచుకుంటారు. అలా చేయొద్దు. గార్డ్‌ను నోట్లో పట్టి ఉంచేది వెనక దవడ పళ్ళే. అది లేకపోతే దెబ్బ తగిలినప్పుడు గార్డ్ ఊడి గొంతు వైపు జారే ప్రమాదం ఉంది.

డాక్టరు చేసే ఆట గార్డ్

బాక్సింగ్, హాకీ, కరాటే, పోటీ స్థాయి కబడ్డీ ఆడేవాళ్ళకు ఇదే మేలు. ఖర్చు ఎక్కువే, కానీ కూర్చునే తీరులో తేడా మొదటిరోజే తెలుస్తుంది. పై పళ్ళ కొలతలు తీసి, ప్లాస్టర్ అచ్చు పోసి, దాని మీద ఈవీఏ అనే ప్లాస్టిక్ షీటును వేడి చేసి లాగి అతికిస్తారు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: “ఒక పొరా, రెండు పొరలా?” 4 మిల్లీమీటర్ల షీటైనా అచ్చు మీద సాగినప్పుడు ముందు పళ్ళ అంచుల దగ్గర బాగా పలచబడుతుంది. ఎక్కువ మందం కావాల్సింది సరిగ్గా అక్కడే. అందుకే దెబ్బలాట ఎక్కువున్న ఆటలకు రెండు పొరలు అతికించి చేయమని అడగండి.

పాల పళ్ళు ఊడి కొత్తవి వస్తున్న వయసులో ఎంత ఖరీదైనది చేయించినా కొన్ని నెలలకే బిగుతవుతుంది. ఆ వయసు పిల్లలకు వేడినీళ్ళ రకమే కొని, ఆరునెలలకోసారి మార్చండి. బిగుతైన గార్డ్‌ను బలవంతంగా పెడితే వస్తున్న పన్నుకు అడ్డమవుతుంది.

నైట్ గార్డ్

పొద్దున లేవగానే దవడలు పట్టేసినట్టుండటం, కణతల్లో నొప్పి, పళ్ళ అంచులు అరిగి బల్లపరుపుగా కావడం, నాలుక అంచుల మీద పళ్ళ గుర్తులు, పక్కన పడుకున్నవాళ్ళకు కరకరమని శబ్దం వినబడటం: వీటిలో రెండు మూడు ఉంటే నిద్రలో పళ్ళు నూరుతున్నట్టు అనుమానించాలి.

పిల్లలు పళ్ళు కొరికితే మన ఇళ్ళల్లో వెంటనే “కడుపులో నులిపురుగులు” అంటారు. నులిపురుగుల మందు వేయించడం ఎలాగూ మంచిదే, బళ్ళలో కూడా ఇస్తారు. కానీ ఆ మందుతో పళ్ళు కొరకడం ఆగకపోతే కంగారుపడొద్దు. చాలామంది పిల్లల్లో శాశ్వత దంతాలు వచ్చాక అది తనంతట తగ్గిపోతుంది. పళ్ళు మారే వయసులో నైట్ గార్డ్ సాధారణంగా వేయరు. పన్ను బాగా అరిగినా, పిల్లవాడికి నొప్పి ఉన్నా మాత్రం చూపించండి.

పెద్దవాళ్ళు ముందు ఒక విషయం తేల్చుకోవాలి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తున్నారా? పగలు కూర్చున్నచోటే నిద్ర వస్తోందా? అయితే నైట్ గార్డ్‌కు ముందు నిద్ర పరీక్ష చేయించుకోవాలి. ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి మామూలు నైట్ గార్డ్ వల్ల అది పెరుగుతుంది. గురకకు వేసే గార్డ్ వేరే, అది కింది దవడను కొంచెం ముందుకు జరిపి పెడుతుంది.

విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, గుంటూరు వాళ్ళకు తక్కెళ్ళపాడు దంత వైద్య కళాశాల దగ్గర. అక్కడైనా, మీకు అలవాటైన డాక్టరు దగ్గరైనా పద్ధతి ఒకటే: మొదటిరోజు పరీక్ష, కొలతలు; రెండోసారి గార్డ్ పెట్టి సరిచేయడం; ఒకటి రెండు వారాల తర్వాత మళ్ళీ చూడటం. ఈ మూడోసారి చాలామంది వెళ్ళరు. రాత్రుళ్ళు వాడాక దవడ కండరాలు సడలుతాయి, దాంతో పళ్ళు గార్డ్ మీద ఆనే తీరు కూడా మారుతుంది. అప్పుడు మళ్ళీ అరగదీసి సరిచేయకపోతే బరువంతా ఒకటి రెండు పళ్ళ మీద పడుతుంది.

గార్డ్ తీసుకునే రోజు కుర్చీలోంచి లేవకముందే మీరు చూసుకోవాల్సినవి ఇవి. ఒకవైపు వేలితో నొక్కితే రెండోవైపు లేవకూడదు. డాక్టరు రంగు కాగితం పెట్టి కొరికించాక గార్డ్‌ను చేతిలోకి తీసుకుని చూడండి: కుడివైపూ ఎడమవైపూ చుక్కలు ఇంచుమించు సమానంగా పడాలి. ఒకవైపు ముదురు మరకలు, రెండోవైపు ఏమీ లేకపోతే ఇంకా అరగదీయాలి. మొహమాటపడకుండా అడగండి.

మొదటి మూడు నాలుగు రాత్రులు లాలాజలం ఎక్కువగా ఊరుతుంది, నోట్లో ఏదో ఉన్నట్టుంటుంది. అది మామూలే. పొద్దున తీశాక పళ్ళు కలవనట్టు అనిపించడం కొద్ది నిమిషాల్లో పోవాలి. మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నా, ఒకే పన్ను సలుపుతున్నా వాడటం ఆపి గార్డ్‌ను తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఆన్‌లైన్‌లో దొరికే వేడినీళ్ళ నైట్ గార్డ్‌లను డాక్టరుకు చూపించేదాకా కొద్దిరోజులు వాడితే వాడండి, నెలల తరబడి వద్దు. ముందు పళ్ళకు మాత్రమే తొడిగే చిన్నవి అసలు మీ అంతట మీరు కొనొద్దు. వెనక పళ్ళకు ఆనింపు లేక కాలం గడిచేకొద్దీ అవి పెరిగి, నోరు మూస్తే ముందు పళ్ళు కలవని పరిస్థితి వస్తుంది.

గార్డ్ పళ్ళను అరగకుండా కాపాడుతుంది కానీ నూరే అలవాటును మాన్పదు. సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానండి. మద్యం, పొగాకు ఉంటే అవీ దీన్ని పెంచుతాయి. కొన్ని మానసిక ఆరోగ్య మందుల వల్ల కూడా పళ్ళు నూరడం మొదలవుతుంది. ఆ మందులు మీ అంతట మీరు ఆపొద్దు, రాసిచ్చిన డాక్టరుకు చెప్పండి. పగలు పనిలో ఉన్నప్పుడు గమనించుకోండి: పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి.

శుభ్రం చేయడం, దాచడం

వాడిన వెంటనే చన్నీళ్ళతో కడిగి, దానికంటూ పెట్టుకున్న మెత్తటి బ్రష్‌తో, చేతులు కడుక్కునే సబ్బుతో రుద్ది కడగండి. టూత్‌పేస్ట్ వద్దు, గీతలు పడి వాటిలో వాసన పట్టేస్తుంది. వేడినీళ్ళు అసలే వద్దు. పూర్తిగా ఆరాక గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టండి. టిష్యూలో చుట్టి పెడితే ఎవరో ఒకరు చెత్తబుట్టలో వేసేస్తారు.

మన ఊళ్ళలో గార్డ్‌లు ఎక్కువగా పాడయ్యేది ఎండకే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, స్టేడియం బయట ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో ఈవీఏ ప్లాస్టిక్ ఏమవుతుందో ఊహించండి. చూపుకు బాగానే ఉంటుంది, నోట్లో పెడితే వదులు. డబ్బాను కిట్ బ్యాగులో, నీడన ఉంచండి. ఎండలో ఉండిపోయిందని తెలిస్తే ఆడేముందు నోరు తెరిచి చూసే పరీక్ష మళ్ళీ చేయండి. చిరిగినా, పళ్ళు దిగి రంధ్రం పడినా, వదులైనా మార్చేయాల్సిందే.

అయినా పన్ను ఊడితే

గార్డ్ పెట్టుకున్నా, లేకపోయినా గ్రౌండ్‌లో పన్ను మొత్తం ఊడి పడిందంటే మీ చేతిలో ఉన్నది అరగంట. ముందు పిల్లవాడు స్పృహలో ఉన్నాడా, వాంతులు అవుతున్నాయా చూడండి. తలకు దెబ్బ తగిలిన లక్షణాలుంటే 108కి ఫోను చేయండి, పన్ను సంగతి తర్వాత.

పన్నును తెల్లటి భాగం దగ్గరే పట్టుకోండి, వేరును ముట్టుకోవద్దు. మట్టి ఉంటే చల్లటి పాలతోనో నీళ్ళతోనో 10 సెకన్లు మించకుండా కడగండి. రుద్దొద్దు, చేతిరుమాలుతో తుడవొద్దు. వేరు మీద ఉండే సన్నటి పొర బతికుంటేనే పన్ను మళ్ళీ అతుక్కుంటుంది, రుద్దితే అది పోతుంది. శాశ్వత దంతమైతే, పిల్లవాడు సహకరిస్తే, అటూ ఇటూ చూసి అదే చోట నెమ్మదిగా పెట్టి, శుభ్రమైన గుడ్డను కొరికి పట్టుకోమని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పెట్టడం కుదరకపోతే పాలలో వేయండి. గ్రౌండ్ బయట టీ బడ్డీలో కాయని ప్యాకెట్ పాలు ఉంటాయి, అర గ్లాసు చాలు. పాలు దొరక్కపోతే అతని ఉమ్మిలోనే ఉంచండి. పొడి గుడ్డలో చుట్టొద్దు, మంచినీళ్ళలో నానబెట్టొద్దు.

పాల పన్నైతే తిరిగి పెట్టొద్దు, కింద వస్తున్న శాశ్వత దంతం దెబ్బతింటుంది. దాన్ని చేత్తో పట్టుకునే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ముక్క ఏదైనా లోపల మిగిలిందేమో చూస్తారు.